హఫర్‌లో ఇస్మాయిల్ బొంద

చిట్యాల వాళ్లింటి మగవాళ్లు పొద్దు వెంబడి పోతారని ఊళ్లో ఒక మాట ఉంది. పొద్దు పొడిచే దిక్కుకు పోయి బతికినవాడు ఆ ఇంట్లో ఒక్కడూ లేడు. ముత్తాత లస్మయ్య కరువు ఏడు మెట్‌పల్లి దాటి నడుచుకుంటూ నాందేడు పోయి, రైలు కట్ట పనిలో మన్ను మోసి, ఆ మన్నులోనే కలిసిపోయాడు. తాత గంగారాం ఇంకా పడమరకు, భివండి దాకా పోయి, మరమగ్గాల మోతలో చెవులు పోగొట్టుకొని, చివరికి ఆ ఊరి బయటే బొందలో పడుకున్నాడు. తండ్రి బుచ్చన్న నేల అయిపోయేదాకా పోయి, సముద్రం కూడా దాటి, సౌదీలో హఫర్ అల్ బాతిన్ ఇసుకలో ఆగిపోయాడు. బుచ్చన్న కొడుకు ప్రభాకర్ ఈ ముగ్గురికంటే ఎక్కువే పోయాడు. ఖమీస్ ముషైత్ కొండల్లో ఏసీ మిషన్లు బాగు చేస్తూ సగం వయసు గడిపి, ఆ తరువాత రియాద్‌కు వచ్చాడు. వాళ్లకూ ఇతనికీ ఉన్న తేడా ఒక్కటే, ఇతను ఇంకా బతికి ఉన్నాడు.

వాళ్లింట్లో చచ్చినవాళ్లను కాల్చరు, మట్టిలో పెడతారు. పెట్టింది సొంత పొలిమేరలోనైతే ఏ చిక్కూ లేదు. పరాయి నేలలో అయితే మాత్రం పెద్దకొడుకు పోయి పిలుచుకురావాలి. ఎముకలు ఏరడం, మట్టి మూటకట్టడం లాంటివేమీ ఉండవు. బొంద తలాపున నిలబడి, ఇంటిపేరుతో సహా పేరు పెట్టి, గొంతెత్తి మూడుసార్లు పిలవాలి. ఫలానా లస్మయ్యా, లేచి రా, ఇంటికి పోదాం అనాలి. ఆ తరువాత వెనక్కి తిరిగి చూడకుండా నడవాలి. చచ్చినవాడు వెంట వస్తాడు. అట్లా వచ్చినవాడికి పొలం గట్టున ఒక రాయి పాతుతారు. ఆ ఏటి నుంచి పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, అతని పేరున బియ్యం ఇస్తారు. పిలవనివాడికి రాయీ లేదు, బియ్యమూ లేదు.

గంగారాం తన తండ్రిని పిలుచుకొస్తూ నాందేడులో రెండు రైలు టిక్కెట్లు కొన్నాడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. బుచ్చన్న భివండి నుంచి గంగారాంను తెస్తూ బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంచాడు. షోలాపూర్‌లో ఎక్కిన ఒక పెద్దమనిషి అందులో కూర్చోబోతే, "మా బాపు కూసున్నడు, కండ్లు కనవడ్తలేవా" అని కొట్లాటకు దిగాడు. తెలుగు రాని ఆ పెద్దమనిషి ఖాళీ సీటు వంక చూసి, బుచ్చన్న వంక చూసి, ఏమనుకున్నాడో ఏమో, సీటుకు ఒక దండం పెట్టి నిలబడే పోయాడట.

అట్లా తండ్రిని తెచ్చిన బుచ్చన్నను మాత్రం ఎవరూ పిలవలేదు. దానికి కారణం పాస్‌పోర్టు.

అప్పట్లో పక్కింటి ఇస్మాయిల్‌కు సౌదీ వీసా వచ్చింది. ఇస్మాయిల్ తల్లి మేరాజ్ బేగం, "నువ్వు విమానమెక్కు, నేను బాయిల దుంకుత" అని బావి గట్టు మీద చాప వేసుకొని కూర్చుంది. ఎంతమంది చెప్పినా లేవలేదు. ఏజెంటు వీసాను వెనక్కి తీసుకోనన్నాడు. అప్పుడు బుచ్చన్న, "నేను వోత" అన్నాడు. ఏజెంటు పాస్‌పోర్టు మీద ఫొటో మార్చాడు. బొంబాయి బస్సు ఎక్కేలోగా ఇస్మాయిల్ తన స్నేహితుడికి నమాజులో ఎప్పుడు వంగాలో, ఎప్పుడు లేవాలో నేర్పాడు. ఊళ్లో ఇదేమీ దాచిన సంగతి కాదు. ఆ కాలంలో ఒకడి పేరుతో ఇంకొకడు పోవడం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అలవాటే. పోయినవాడు తిరిగొచ్చి తన పేరు తాను తీసుకునేవాడు. అంతే.

బుచ్చన్న తిరిగి రాలేదు. ఒకరోజు క్యాంపులో పడుకున్నవాడు పొద్దున లేవలేదు. ఇస్మాయిల్ చనిపోయాడని ఇస్మాయిల్ ఇంటికే తంతి వచ్చింది. ఇస్మాయిల్ ఆ కాగితం పట్టుకొని, తన చావు కబురు తానే మోసుకుంటూ బుచ్చన్న పెళ్లాం దేవవ్వ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఎట్లా చెప్పాలో తెలియలేదు. "వదినా, నేను సచ్చిపోయిన" అన్నాడు.

దేవవ్వకు ఇంకొక మాట అవసరం లేకపోయింది.

ఆ తరువాత ఇస్మాయిల్ మళ్లీ పాస్‌పోర్టు ముఖం చూడలేదు. కాగితాల మీద చచ్చినవాడు అర్జీ పెడితే ఏం అడుగుతారో అని భయం. హజ్‌కు పోవాలని ఉన్నా పోలేదు. పదిహేడేళ్ల ప్రభాకర్‌కు కొలువు దొరికేదాకా దేవవ్వ ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసింది ఆయనే. ఇప్పటికీ బతికే ఉన్నాడు, ముసలివాడై, రోజూ సాయంత్రం వాళ్లింటి అరుగు మీదికి వచ్చి కూర్చుంటాడు.

*

శుక్రవారం వస్తే రియాద్‌లోని బతా సందుల్లో మనిషికి మనిషి రాసుకోకుండా నడవడానికి వీలుండదు. ఆ సందుల్లో ఒకదాంట్లో, కోరుట్ల సర్దార్ మెస్సు ఉంది. సర్దార్‌కు డెబ్బై దాటాయి. హఫర్ క్యాంపులో బుచ్చన్న పక్క మంచం ఆయనదే. మోకాళ్లు పట్టేశాక ఆయన గల్లా దగ్గర కుర్చీలోంచి లేవడం తక్కువ, తిట్టడం ఎక్కువ.

"ఏం ర ప్రభాకర్, నా మెస్సుల తిని తిని కడుపు వెంచుకొని, ఇప్పుడు ఖురూజ్ గొట్టిచ్చుకొని పోతున్నవట" అన్నాడు. ఖురూజ్ అంటే మళ్లీ రాని పోక. ప్రభాకర్ పాస్‌పోర్టులో అది పడింది. వచ్చే వారం విమానం.

"కడుపు నీ పప్పుకు పెరుగలే చాచా. నీ పప్పుల నీళ్లె గద ఉండేది."

"నీళ్ల పప్పు దిని గింత లావైనవంటె, నిజం పప్పు వెడ్తె తలుపుల పట్టకపోదువు. కూసో."

ప్రభాకర్ కూర్చున్నాడు. తిన్నాడు. చెయ్యి కడుక్కొని వచ్చి, మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. సర్దార్ అతని వంక చూశాడు.

"ఇంకేంది?"

"బాపు కాడికి పోయొద్దామనుకుంటున్న చాచా."

సర్దార్ గల్లాపెట్టె మూత వేశాడు.

"ఇన్నేండ్లకు యాదికొచ్చిండా?"

"యాదికి ఎప్పుడు లేడు? కఫీల్ సేటు సెలవియ్యాలె, చేతుల పైసలుండాలె, ధైర్నముండాలె. మూడు ఒక్కపారి ఎన్నడు దొరుకలే."

"ఇప్పుడు దొరికినయా?"

"ధైర్నమొక్కటి తక్కువవడ్డది. అందుకె నీ కాడికొచ్చిన."

 సర్దార్ బయట పోయే జనం వంక ఒకసారి చూశాడు. తరువాత గొంతు తగ్గించి చెప్పాడు. "పొద్దుగాల నేనె లేపిన మీ బాపును. కాలు వట్టి గుంజిన, ఇంక పంటడేంది అని. సల్లగున్నది. ఆ క్యాంపుల పేరు మార్చుకొని వచ్చినోళ్లు మీ బాపొక్కడె గాదు. ఈయిన బుచ్చన్న అని నేనొక్క మాటంటె అందరు జైలుకు పోతుండె. ఆయిన గూడ ఎన్ని నెలలు ఐసుల పండుతుండెనొ. ఈయిన ఇస్మాయిలే అని చెప్పిన. నీళ్లు వోసినం. నమాజ్ సదివినం. అక్కడ బొందల మీద పేర్లుండయి ర, ఉత్త రాళ్లె పెడ్తరు. రేపు ఎవలన్న వస్తె ఆనవాలుండాలె గద అని సైటు కాడికెల్లి ఒక సిమెంటు దిమ్మె తెచ్చి తలకాయ దిక్కు వెట్టిన. ఇనుప సలాక ముక్క పైకి పొడుసుకొచ్చి ఉంటది. పాత ఖబరస్తాన్ల, పడమటి గోడ పొంటి."

"సాలు చాచా. అదొక్కటె కావాలె."

"పోయి ఏం జేస్తవు?"

"పిలుస్త."

"ఏమని?"

ప్రభాకర్ చెప్పాడు. సర్దార్ విన్నంతసేపు విని, చేతిలో ఉన్న తువ్వాలను గల్లా మీద కొట్టాడు.

"చిట్యాల బుచ్చన్నా అని మొత్తుకుంటవా? ముసల్మాన్ల ఖబరస్తాన్ల నిలవడి? ఆడ పన్నది ఇస్మాయిల్ ర. కాపలోడు ఇని, ఈ బుచ్చన్న ఎవడు అంటె ఏం జెప్తవు? ముసల్మాన్ గానోన్ని పండవెట్టినమని తవ్వి తీస్తరొ, ఇంకేం జేస్తరొ నాకు తెల్వది. తెల్వని దానికె నాకు భయం. పైంగ ఖబర్ కాడ నిలవడి పేరు వట్టి పిలుస్తె జాదూ జేస్తున్నడనుకుంటరు. వారంల ఇంటికి వొయేటోనివి, జైలుకు వోతవా?"

"మెల్లగ పిలుస్త."

"మెల్లగ పిలిస్తె ఇనవడ్తదా మీ రివాజుల?"

ప్రభాకర్ నిజమే చెప్పాడు. "ఇనవడది."

*

సర్దార్ ఎంత తిట్టినా, తోడు మాత్రం ఆయనే కుదిర్చాడు. మతీన్ నిజామాబాద్ మనిషి, సామాన్ల వ్యాన్ డ్రైవరు, హఫర్ దారి అతనికి కొట్టిన పిండి. రియాద్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఇసుక, కరెంటు స్తంభాలు, అక్కడక్కడ ఒంటెలు కనిపించాయి. ఆ తరువాత అవి కూడా లేవు. వెనక సీటు మీద ఉన్న అట్టపెట్టెల్ని ప్రభాకర్ ఒక్కొక్కటీ తీసి కాళ్ల దగ్గర సర్దాడు.

"ఎందుకన్నా, అవి ఆడుంటె నీకేం అడ్డమొచ్చినయి?" అన్నాడు మతీన్.

"వచ్చేటప్పుడు బాపు కూసుంటడు."

మతీన్ అద్దంలో వెనక సీటును చూశాడు. "సీటుబెల్టు వెట్టుకొమ్మను మరి. ఈడ చలానా గట్టిగ ఏస్తరు." కొంచెం దూరం పోయాక అన్నాడు, "విమానంల ఎట్ల గొంచవోతవు? ఇంకో టిక్కెటు దీస్తవా?"

"టిక్కెటుకు పేరడుగుతరు గద."

మతీన్ నవ్వాడు. ప్రభాకర్ నవ్వలేదు. అతనికి అదే పట్టుకుంది. బతా నుంచి బయలుదేరిన దగ్గర నుంచీ పేరు దగ్గరే ఆగి ఉన్నాడు. తాతకు ఈ చిక్కు లేదు. తండ్రికీ లేదు. వాళ్లు పోయారు, నిలబడ్డారు, అరిచారు. తనకు మాత్రం అరవడానికి పేరు లేదు.

పెట్రోలు పంపు దగ్గర ఆగినప్పుడు తల్లికి ఫోను చేశాడు. దేవవ్వ మొదటి రింగుకే ఎత్తింది. పొద్దున్నుంచి ఫోను ఒళ్లోనే పెట్టుకొని కూర్చున్నట్టుంది.

"చేరినవా బిడ్డా?"

"ఇంక తొవ్వల్నె ఉన్న. అవ్వా, ఒక ముచ్చట. పేరు వెట్టకుంట, ఉత్తగ బాపూ అని పిలుస్తె రాడా?"

"బాపూ అంటె ఆడున్న బాపులందరు లేవరా? అందరికి కొడుకులు లేరా ఏంది? అందరు ఎదురుసూసుకుంటనె ఉంటరు. ఎవడో తెల్వనోడు నీ ఎంట వడి ఇంట్ల జొరవడ్తె నేనేం జెయ్యాలె, ఈ వయసుల?"

"మరి ఇస్మాయిల్ అని పిలుస్తె? ఆ పేరు మీదనె గద పెట్టింది."

అవతల తల్లి ఉమ్మేసిన చప్పుడు వినిపించింది. "థూ. బతికున్న మనిషి పేరు బొంద కాడ పిలుస్తవా? లేచి రా అంటవా? ఆ ముసలాయిన మన గడపల అన్నం కుండ ఆరకుంట సూసిండు. ఆయిననె సంపుతవా? ఇగో, ఈడ్నె కూసున్నడు, నీతోని మాట్లాడుతడట."

ఇస్మాయిల్ ఫోను తీసుకున్నాడు. ఆయాసం మధ్య నవ్వుతున్నాడు. "ప్రభాకర్, నా బొంద కాడికి వోతున్నవట గద కొడుకా."

"అవు కాకా."

"నేను ఎట్లున్ననో సూసి రా. నా సలాం జెప్పు ఆయినకు. ఇంకేం వద్దు."

ఫోను మళ్లీ దేవవ్వ చేతికి పోయింది. ఆమె గొంతులో ఇప్పుడు కోపం లేదు. "బిడ్డా, మీ బాపు అసలు పేరు వెట్టి పిలువు. ఆడెవ్వరు ఆయిన పేరు వెట్టి పిలిచి ఉండరు. ఇన్నేండ్లు. ఒక్కపారి పిలిస్తె సాలు, ఉరికొస్తడు."

ప్రభాకర్ సర్దార్ చెప్పిన మాట ఆమెకు చెప్పలేదు. ఆమెకు అర్థం కాదని కాదు. అర్థమైతే, మరి ఇన్నేళ్లు ఎందుకు ఆశపెట్టావని అడుగుతుంది.

*

పాత ఖబరస్తాన్ గేటు దగ్గర ఇష్తియాక్ అనే కాపలాదారు ఎదురయ్యాడు. ముల్తాన్ మనిషి, తెల్లగడ్డం, కాళ్లకు మనుషులు వదిలేసి పోయిన రెండు రకాల చెప్పులు. ఎవరికోసం అని హిందీలో అడిగాడు.

"మా తాత ఖబర్" అన్నాడు మతీన్. "ఇస్మాయిల్."

"ఈయనెవరు?"

"మా చాచా." మతీన్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "షాబాజ్."

గేటు దాటేలోపు ప్రభాకర్ పేరు కూడా పోయింది. తండ్రికి పేరు పోవడానికి బొంబాయి దాకా ప్రయాణం పట్టింది, నమాజు నేర్చుకునే కష్టం పట్టింది. కొడుకుకు అంత శ్రమ కూడా లేదు. ఊళ్లో నలుగురు షాబాజ్‌లు ఉన్నారు, తానిప్పుడు ఐదోవాడు అనుకున్నాడు. 

లోపల చెట్టు లేదు, గోడ మీద రాత లేదు. కనుచూపు మేర ఇసుక తిన్నెలు, జానెడెత్తున, ఒకదాని పక్కన ఒకటి, తలాపున ఒక రాయి, కాళ్ల దిక్కున ఒక రాయి. షేకు పక్కన కూలివాడు, కూలివాడి పక్కన ఎవరో పసిపిల్ల. ఇష్తియాక్ ముందు నడిచాడు.

"ఇనుప ముక్క ఉన్న ఖబర్ కదా? నాకు తెలుసు. రియాద్ నుంచి ఒక పెద్దాయన వచ్చి చదివిపోయేవాడు. ఆయన రావడం మానేశాక నేనే చదువుతున్నా. చాలామందికి అది కూడా లేదు, చూడండి" అని చెయ్యి చుట్టూ తిప్పి చూపించాడు.

పడమటి గోడ పక్కన సిమెంటు దిమ్మె ఇసుకలోకి సగం దిగి ఉంది. సలాక ముక్క తుప్పు పట్టి, ముట్టుకుంటే రాలేటట్టుంది. ఇష్తియాక్, మతీన్ అరచేతులు పైకెత్తారు. ప్రభాకర్ కూడా ఎత్తాడు. ఇద్దరూ ఏదో చదివారు. ఇస్మాయిల్ పేరు వచ్చిన చోట ప్రభాకర్‌కు ఊళ్లో అరుగు మీద కూర్చుని ఆయాసపడే మనిషి కనిపించాడు. చదవడం అయ్యాక ఇష్తియాక్, "నీళ్లు చల్లుదాం, తెస్తా" అని షెడ్డు వైపు పోయాడు.

"పిలువన్నా. జల్ది" అన్నాడు మతీన్. "నేను గేటు దిక్కు సూస్త."

ప్రభాకర్ తలాపు దగ్గరకు జరిగాడు. తండ్రి పేరు అతని నోటికి కొత్త కాదు. బడిలో చెప్పాడు, పాస్‌పోర్టు ఆఫీసులో చెప్పాడు, ఇఖామా అనే నివాస కాగితాల మీద అరబ్బీలో రాయిస్తూ ఒక్కో అక్షరం చెప్పాడు. కానీ ఆ పేరు పెట్టి ఆయన్ని మొహాన ఎన్నడూ పిలవలేదు. ఏ కొడుకు పిలుస్తాడు?  గట్టిగా గాలి పీల్చి, "చిట్యాల" అన్నాడు.

గేటులో నుంచి జనం వచ్చారు. భుజాల మీద శవం, ముందు తెల్ల తోబులు వేసుకున్న అరబ్బులు, వెనక పని బట్టల్లో మనవాళ్లలాంటి వాళ్లు. వాళ్లు పడమటి గోడ వైపే నడిచారు. ప్రభాకర్ నోరు మూశాడు.

వాళ్లు ఉన్నంతసేపు మతీన్, ప్రభాకర్ ఒక పక్కన నిలబడ్డారు. పరాయి శవానికి కూడా మతీన్ పోయి మూడు పిడికిళ్లు మట్టి వేసి వచ్చాడు. వాళ్లు వచ్చినంత వేగంగానే పోయారు. ఇష్తియాక్ కొత్త బొంద మీద రాళ్లు సర్దుతూ దూరంగా ఉండిపోయాడు. గోడ అవతల రోడ్డు మీద పెద్ద లారీలు పోతున్నాయి, అరిచినా ఆ మోతలో కలిసిపోయేది. మతీన్ కనుసైగ చేశాడు. పిలవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

ప్రభాకర్ పిలవలేదు.

తండ్రి ఎముకల కోసం ఆగానని ఒకసారి అనుకున్నాడు. ఇన్నేళ్లు కదలకుండా పడుకున్న మనిషి చుట్టూ పారలు, పోలీసులు, ప్రశ్నలు. ఆ వెంటనే పాస్‌పోర్టులో పడిన ముద్ర గుర్తొచ్చింది. ఇంట్లో పెళ్లాం ఉమాదేవి గోడలకు కొత్త సున్నం వేయించి, మొగుడు వస్తున్నాడని కూరగాయల మళ్లు కూడా చేయించి పెట్టింది. ఇందులో ఏది ఎవరి కోసమో విడదీయడానికి చూశాడు, విడిపోలేదు. కళ్లు గేటు వైపే పోతున్నాయి. ఎముకల కోసం కళ్లు గేటు వైపు పోవు. తన కోసమే పోతాయి.

ఇష్తియాక్ నీళ్ల సీసాతో వచ్చాడు. అతనికి ఏమనిపించిందో, ప్రభాకర్ భుజం మీద చెయ్యి వేసి, "ఇంత దూరం వచ్చావు, మీ పెద్దాయనతో నీ భాషలో రెండు మాటలు చెప్పుకోవా?" అన్నాడు.

ప్రభాకర్ దిమ్మె వైపు వంగాడు. మాట బయటికి వచ్చింది.

"ఇస్మాయిల్ కాక సలాం జెప్పుమన్నడు."

ఇష్తియాక్‌కు ఆ మాటల్లో ఇస్మాయిల్ వినిపించింది, సలాం వినిపించింది. మెచ్చుకోలుగా తలూపి, సీసా మూత తీసి, తిన్నె పొడుగునా నీళ్లు పోశాడు. ఇసుక వాటిని అప్పుడే తాగేసింది. కొడుకు తండ్రితో అన్న మాట అదొక్కటే, అది కూడా ఇంకొకడు పంపినది.

తిరిగి గేటు దాకా నడిచేటప్పుడు వెనక్కి చూడకూడదని ఆచారం. పిలిచినవాడికి ఆ ఆచారం. పిలవనివాడు ఎన్నిసార్లైనా చూడొచ్చు. ప్రభాకర్ చూశాడు. ఇన్ని తిన్నెల్లో అది ఎక్కడుందో అప్పటికే తెలియలేదు.

*

మతీన్ హఫర్ దాటేదాకా బండి వేగం తగ్గించలేదు. ఆ తరువాత, "పిలువకపోవుడె మంచిగైంది అన్నా. ఆయిన నిమ్మళంగున్నడు. సదివేటోడు గూడ దొరికిండు" అన్నాడు.

"నన్ను సముదాయిస్తున్నవా మతీన్?"

"అవునన్నా. ఇంకేం జేయాలె?"

ఎండ ఎర్రబారుతున్నప్పుడు ఫోను మోగింది. ప్రభాకర్ తెర మీద తల్లి పేరు చూసి, ఎత్తాడు.

"పిలిచినవా బిడ్డా?"

"పిలిచిన అవ్వా."

"వచ్చిండా?"

వచ్చాడని అనొచ్చు. అంటే రేపే రాయి పాతుతారు, పెత్రమాసకు బియ్యం ఇస్తారు, ఆ బియ్యం ముందుకు ఎవరూ రారు. అంత పెద్ద మోసం చేయడానికి అతనికి గుండె చాలలేదు. నేను భయపడ్డ అవ్వా, నోరు రాలేదు అని చెప్పడానికి కూడా చాలలేదు. మధ్యలో చిన్న సందు ఒకటి కనిపించింది. అందులో దూరాడు.

"రానన్నడు."

అవతల అరుగు మీద ఆమె సర్దుకొని కూర్చున్న చప్పుడు వినిపించింది.  

"రానన్నడా" అంది దేవవ్వ. అడగలేదు, తనకు తాను చెప్పుకుంది. "బతికినప్పుడు గూడ గంతే. వచ్చే పండుగకు వస్త, వచ్చే పండుగకు వస్త అని జాబు రాయిచ్చి పంపెటోడు. నేను సున్నమేసుడు, ఆయిన రాకపోవుడు. ఎన్ని పండుగలైనయొ. సచ్చినోడు గద, ఇప్పుడన్న మనసు మారి ఉంటదనుకున్న. పేగు దెంచుకొని పుట్టినోడు పోయి మొకం మీద నిలవడి, పేరు వెట్టి పిలిస్తె గూడ రానన్నడంటె..."

"అవ్వా, గట్ల గాదు."

"నువ్వేం జేస్తవు కొడుకా. నీ తప్పేమున్నది. నువ్వైతె పిలిచినవు."

ఆ మాట ప్రభాకర్‌కు తగలాల్సిన చోట తగిలింది. మతీన్ రోడ్డు వంకే చూస్తూ బండి నడుపుతున్నాడు. ఫోనులో మాటలన్నీ అతనికి వినిపిస్తూనే ఉన్నాయి.

"అవ్వా, నేనొచ్చినంక కూసొని మాట్లాడుదాం."

"ఇంకేం మాట్లాడుదుం? మీ తాతల రాళ్ల పక్కపొంటి ఆయినకని ఇంత జాగ ఇడిపిచ్చి ఉంచిన. దున్నేటోళ్లను అండ్ల నాగలి దింపనియ్యలే ఇన్నేండ్లు. గడ్డి మొలిస్తె నా చేతుల్తోటి నేనె పీకిన. దేనికి? రానోనికి జాగెందుకు. దున్నిపిస్త. మక్కలేసుకుంటరు."

ప్రభాకర్‌కు చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. ఒక్క మాట చాలు, ఆ జానెడు నేల మిగులుతుంది. అతను గాలి పీల్చుకున్నాడు.

దేవవ్వ అప్పటికే ఫోను ఒళ్లో పెట్టేసింది. వీధిలో పోతున్న ట్రాక్టరువాణ్ణి పేరు పెట్టి, ఊరంతా వినేటట్టు కేకేసి పిలుస్తోంది, పొద్దుగాల్నె రమ్మని.